ఐదు వారాల సైకిల్, ఐదు గంటల నిద్ర: ఒక కేసు

46 ఏళ్ల పురుషుడు. హైదరాబాద్ ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఐటీ ఉద్యోగం, నార్సింగి దగ్గర ఇల్లు. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. మూడేళ్లుగా బీపీకి రోజుకొక టెల్మిసార్టన్ 40 మాత్ర వేసుకుంటున్నారు. షుగర్ లేదు. సంక్రాంతి వెళ్లాక సైకిల్ కొన్నారు, మార్చి మొదటి వారానికి కుడి మోకాలు పట్టుకుని ఫిజియోథెరపీకి వచ్చారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేసి, చికిత్సకు పనికొచ్చేవి మాత్రమే ఇక్కడ రాస్తున్నాం.

నొప్పి మోకాలిచిప్ప చుట్టూ, ముందు వైపు. మెట్లు ఎక్కడం కన్నా దిగడం కష్టంగా ఉంది. సినిమా హాల్లో రెండు గంటలు కూర్చుని లేస్తే మొదటి పది అడుగులు కుంటుతున్నారు. వాపు లేదు. మోకాలు పట్టేయడం, మడతపడి జారిపోవడం, రాత్రి నొప్పితో మెలకువ రావడం లాంటివి లేవు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా దారి వేరు, ముందు ఎముకల డాక్టర్ చూడాలి. లిగమెంట్ పరీక్షలన్నీ మామూలుగానే ఉన్నాయి. చిన్న మెట్టు మీద ఒంటికాలితో నిలబడి మెల్లగా కిందికి దిగమంటే నొప్పి పదికి 5. గుంజీ తీస్తే 4. సైకిల్ మొదలుపెట్టినవాళ్లలో తరచూ కనిపించే మోకాలిచిప్ప నొప్పే ఇది. ఎక్స్‌రే అవసరం అనిపించలేదు.

బీపీ 138/86. ఈసీజీ తీయించి, ఆయన మామూలుగా చూపించుకునే డాక్టర్ దగ్గర సరే అనిపించుకున్నాకే మిగతా పని మొదలైంది. నలభై దాటి, బీపీ ఉండి, ఏళ్లుగా కుర్చీకి అతుక్కుపోయిన మనిషి సైకిల్ షాపుకి వెళ్లే ముందే ఈ పని చేసుకోవాలి.

నొప్పికి తోడు ఆయన మామూలు మాటల్లో చెప్పిన మరో మూడు సంగతులు మాకు మోకాలి కన్నా ముఖ్యంగా తోచాయి. రాత్రి పడుకుంటే వెంటనే నిద్ర పట్టడం లేదు. ఇంట్లో చిన్న విషయానికే చిరాకు వస్తోంది. కాళ్లు పొద్దున్నే ‘సీసం పోసినట్టు’ ఉంటున్నాయి. చేతి వాచీలో చూస్తే, కొత్తలో 72 ఉన్న విశ్రాంతి నాడి చివరి వారానికి 81కి చేరింది.

ఎంత తొక్కారు?

‘ఎక్కువేం కాదు సర్, ఈజీగానే తొక్కుతున్నా. శనివారం రెస్ట్ కూడా ఇస్తున్నా’ అన్నారు. ఇలా చెప్పేవాళ్లతో వాదించి లాభం లేదు, లెక్క వేసి చూపించాలి. అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫాస్టర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి దీనికి చాలు. తొక్కడం అయిపోయిన అరగంటకి, ఆ రోజు మొత్తం మీద ఎంత కష్టంగా అనిపించిందో సున్నా నుంచి పది దాకా ఒక మార్కు వేసుకోవాలి. ఆ మార్కుని నిమిషాలతో గుణించాలి. అరగంట, 4 మార్కులు అంటే 120.

మొదటి వారం ఆయన నాలుగు రోజులు, రోజుకు 30 నిమిషాలు, 4 మార్కుల కష్టంతో తొక్కారు. మొత్తం 480. రెండో వారం ఐదు రోజులు, 40 నిమిషాలు, 5 మార్కులు. అది 1000. మూడో వారం వారపు రోజుల్లో ఐదు రోజులు 45 నిమిషాల చొప్పున, 6 మార్కులతో 1350. ఆ పైన ఆదివారం ఒక గ్రూపుతో 90 నిమిషాలు, 7 మార్కులతో 630. కలిపితే 1980. నాలుగో వారం రోజువారీది అంతే గాని, ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మొత్తం తొక్కారు. 2023 అక్టోబరు 1న ప్రారంభమైన ఈ ట్రాక్‌లో నార్సింగి నుంచి కొల్లూరు లైను 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు లైను 8.5 కిలోమీటర్లు. రెండూ రానూపోనూ 46 కిలోమీటర్లు, 150 నిమిషాలు, 8 మార్కులు. ఆ ఒక్క రోజే 1200, వారం మొత్తం 2550. నాలుగు వారాల్లో ఐదింతలు దాటింది. ఐదో వారం మధ్యలో మోకాలు అడ్డం తిరిగింది.

ఇక ఆ శనివారం విశ్రాంతి. అదేమిటని గుచ్చి అడిగితే, అపార్ట్‌మెంట్ కోర్టులో గంటన్నర బ్యాడ్మింటన్ డబుల్స్ అని తేలింది. సైకిల్ ఎక్కని రోజు కాబట్టి అది విశ్రాంతి అని ఆయన లెక్క. ముందుకు ఒక్కసారిగా వంగి కాలు చాపే ఆట, అదీ నొప్పి ఉన్న మోకాలి మీదే. 90 నిమిషాలు, 6 మార్కులు: ఇంకో 540. నాలుగో వారం అసలు మొత్తం 3090.

పద్యం పరీక్ష

ఆయన సైకిల్‌నే వెనక చక్రాన్ని పట్టుకునే ట్రైనర్ స్టాండుకి బిగించి, రోజూ తొక్కే గేరులోనే, రోజూ తొక్కినట్టే తొక్కమన్నాం. పది నిమిషాలయ్యాక, చిన్నప్పుడు బళ్లో నేర్చుకున్న శతక పద్యం ఏదైనా నాలుగు పాదాలూ ఆగకుండా చెప్పమన్నాం. రెండో పాదం మధ్యలో ఊపిరి తెగింది. ‘గుర్తురావట్లేదు’ అన్నారు. దిగాక అదే పద్యాన్ని గడగడా చెప్పారు. అప్పుడు వాచీలో నాడి 152.

46 ఏళ్ల వయసుకి గరిష్ఠ నాడి అంచనా: 208లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేస్తే సుమారు 176. ఆయన మామూలు విశ్రాంతి నాడి 72. ఈ రెంటి మధ్య దూరం 104. ఆ దూరంలో అరవై శాతం కలిపితే 134. తేలిక రోజు ఆ లోపే ఉండాలి. ఆయన ‘ఈజీ’ 152, అంటే ఆ దూరంలో దాదాపు 77 శాతం. వారంలో ఆరు రోజులు మధ్యస్థం పైన కష్టంతో గడిచాయి. తేలిక రోజు తేలిగ్గా లేదు కాబట్టి ఒళ్లు కోలుకోలేదు. ఒళ్లు కోలుకోలేదు కాబట్టి గట్టిగా తొక్కాల్సిన రోజున సత్తువ లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లలో మోకాలు, నడుము, విసుగు, ఏ పేరుతో వచ్చినా చాలామందికి అడుగున ఉండేది ఇదే.

బీటా బ్లాకర్ రకం బీపీ మాత్రలు వాడేవాళ్లకి ఈ నాడి లెక్కలు పనిచేయవు, ఆ మందు నాడిని పెరగనివ్వదు. టెల్మిసార్టన్‌తో ఆ పేచీ లేదు. పద్యం పరీక్ష మాత్రం అందరికీ పనికొస్తుంది.

సీటు, గేరు

సైకిల్ 21 గేర్ల హైబ్రిడ్. రెండు పెడళ్ల కాడలూ తిరిగే నడిమి ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా కొలిస్తే 66 సెంటీమీటర్లు. గోడకి ఆనుకుని, కాళ్ల మధ్య లావుపాటి పుస్తకం పైకి నొక్కి పెట్టి కొలిచిన కాలి లోపలి పొడవు 79. దాన్ని 0.883తో గుణిస్తే 69.8 రావాలి. దాదాపు నాలుగు సెంటీమీటర్లు కింద ఉంది. కారణం మామూలే. సిగ్నల్ దగ్గర సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకి ఆనాలని షాపులో దించి పెట్టించుకున్నారు. అలా ఆనిందంటే సీటు బాగా కింద ఉన్నట్టే. ఆగాలంటే సీటు ముందుకి దిగి నిలబడాలి. అది ఒక్క సాయంత్రంలో అలవాటవుతుంది.

పెడల్ అడుగున ఉన్నప్పుడు ఆయన మోకాలి వంపు 46 డిగ్రీలు. 25 నుంచి 35 మధ్య ఉంటే బాగుంటుంది. వంపు పెరిగేకొద్దీ తొక్కే ప్రతిసారీ మోకాలిచిప్ప తొడ ఎముక మీద గట్టిగా ఒరుసుకుంటుంది. నిమిషానికి 56 సార్లు, వారానికి ఆరు గంటలకి పైగా.

అయినా ఒకేసారి నాలుగు సెంటీమీటర్లు లేపకూడదు. అలా లేపితే నొప్పి ముందు నుంచి మోకాలి వెనక్కి మారుతుంది, తుంటి అటూ ఇటూ ఊగి సీటు ఒరిపిడి మొదలవుతుంది. 5 మిల్లీమీటర్ల అలెన్ కీతో బోల్టు వదులు చేసి, ప్రతి మూడో రైడుకి 8 నుంచి 10 మిల్లీమీటర్లు లేపుతూ వచ్చాం. సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) మీద, కనీసం ఇక్కడి దాకా లోపల ఉండాలని చెప్పే గీత బయటికి కనిపించకూడదు. 69.8 దగ్గర తుంటి ఊగింది, కాబట్టి 69.2 దగ్గర ఆపాం. వంపు 33 డిగ్రీలు. సూత్రం దారి చూపించే వరకే, ఆపాల్సిన చోటు తుంటి చెబుతుంది. కొలతలేవీ లేకుండా ఇంట్లో చూసుకోవాలంటే, సీటు మీద కూర్చుని మడమని పెడల్ మీద పెట్టి అడుగుకి తిప్పితే మోకాలు సరిగ్గా తిన్నగా అవ్వాలి. తొక్కేటప్పుడు మాత్రం వేళ్ల మొదలు దగ్గరి ఉబ్బెత్తు భాగం పెడల్ మీద ఉండాలి. ఈయన పాదం మధ్యతో తొక్కుతున్నారు.

గేరు విషయం ఇంకా విడ్డూరం. ముందు 48 పళ్ల పెద్ద చక్రం, వెనక 20 పళ్లది. నిమిషానికి 56 చుట్లు, వేగం గంటకి 17.5 కిలోమీటర్లు. ‘పెద్ద గేరు వేస్తేనే కాలికి వ్యాయామం’ అని గ్రూపులో ఎవరో చెప్పారట. ముందు 38, వెనక 22 వేసి నిమిషానికి 80 చుట్లు తిప్పితే వేగం 18. వేగం ఇంచుమించు అదే, కానీ ప్రతి తొక్కులో కాలు నెట్టే బలం దాదాపు 30 శాతం తగ్గుతుంది. మొదట్లో 80 అంటే కాళ్లు ఎగిరినట్టు అనిపిస్తుంది. అందుకని వారానికి 5 చొప్పున పెంచమన్నాం. కొలవడానికి మీటరు అక్కర్లేదు. 15 సెకన్లలో కుడి మోకాలు ఎన్నిసార్లు పైకొచ్చిందో లెక్కపెట్టి నాలుగుతో గుణిస్తే సరి. 20 వస్తే చాలు.

టైర్లలో గాలి 80 పీఎస్ఐ కొట్టించారు, ఆ గట్టిదనానికి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారుతున్నాయి. 35 మిల్లీమీటర్ల టైరుకి, ఈ బరువుకి ముందు 55, వెనక 60 చాలు. మణికట్టు వంచకుండా పట్టుకుని, పది నిమిషాలకోసారి పట్టు మార్చమంటే వారంలో మొద్దుబారడం పోయింది.

నిద్ర

సీటు, గేరు సరిచేస్తే మోకాలి నొప్పి తగ్గవచ్చు. నాడి 81 ఎందుకుందో వాటితో తేలదు. వాచీలో మూడు వారాల నిద్ర చూస్తే రాత్రి పదకొండూ నలభై ఐదుకి పడక, తెల్లవారుజామున నాలుగూ నలభైకి అలారం. ఐదు గంటలు కూడా లేదు. సోమవారం, బుధవారం అమెరికా కాల్స్ ఉంటాయి, ఆ రెండు రాత్రులూ పన్నెండున్నర దాటుతుంది. అయినా ఎండ రాకముందే బయటపడాలని, గ్రూపు ఐదున్నరకల్లా ట్రాక్ దగ్గర ఉంటుందని అలారం కదలదు.

హైదరాబాద్‌లో తెల్లవారుజామున తొక్కడం తప్పు కాదు, మార్చి నుంచి జూన్ దాకా అంతకన్నా మంచి వేళ లేదు. కానీ ఆ గంటని నిద్రలోంచి కోస్తే, వ్యాయామంతో ఒళ్లు బాగుపడాల్సిన సమయాన్నే వ్యాయామం మింగేసినట్టు. తొక్కేటప్పుడు కండ బలపడదు, తొక్కి పడుకున్నాక బలపడుతుంది. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి.

దీనికి తోడు బరువు త్వరగా తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టారు. శనివారం రాత్రి అదీ లేదు. ఆదివారం రెండున్నర గంటలు తొక్కి, గ్రూపుతో నెయ్యి కారం దోశ, వడ, రెండు ఇరానీ చాయ్. ఆ టిఫిన్‌కి మేం అడ్డు చెప్పలేదు, ముందు రాత్రి ఖాళీ కడుపుకే చెప్పాం. రాత్రి ఒక కప్పు అన్నం, పప్పు, పెరుగు మళ్లీ పెట్టాం. గంట దాటే రైడుకి ముందు ఒక అరటిపండు. వచ్చిన గంటలోపు ఇడ్లీ, సాంబారుతో రెండు గుడ్లు, లేదా పెసరట్టు. గంట లోపు రైడుకి మంచినీళ్లు చాలు, అంతకు మించితే పలచని మజ్జిగ. బీపీ ఉన్నవాళ్లు రోజూ ఉప్పు నీళ్లు తాగే అలవాటు చేసుకోకూడదు.

కొత్త వారం ఎలా పేర్చాం

సాధారణంగా రైడ్లు ముందు రాసుకుని, నిద్రని మిగిలిన చోట ఇరికిస్తారు. ఇక్కడ తిరగేశాం. ముందు కాల్స్ రాశాం, తర్వాత నిద్ర, మిగిలిన పొద్దుల్లో రైడ్లు. సోమ, బుధ రాత్రులు కాల్స్ కాబట్టి మంగళ, గురు వారాల పొద్దున సైకిల్ లేదు, అలారం ఏడింటికి. ఆదివారం పెద్ద రైడు కాబట్టి సోమవారం లేదు. శనివారం ఈసారి నిజంగానే విశ్రాంతి. మిగిలినవి బుధ, శుక్ర, ఆది. మూడే. ఆయన ముఖం చిన్నబోయింది. ఉన్న ఆరింటిలో సగం పోయాయి మరి.

మొదటి పది రోజులు రోజు విడిచి రోజు 20 నిమిషాలు, సమతలం మీద, తేలిక గేరులో. నొప్పి పదికి 3 దాటకూడదు, మర్నాడు పొద్దుటికి మిగలకూడదు. ట్రాక్‌కి రానూపోనూ కోకాపేట ఎత్తులు, ఫ్లైఓవర్లు లేని దారి ఎంచుకున్నాం. ఈ ఊళ్లో తేలిక రైడుని చెడగొట్టేది ముఖ్యంగా ఎత్తుపల్లాలే. అంతే దూరం జూబ్లీహిల్స్‌లో తొక్కితే మార్కు రెండింతలవుతుంది. బ్యాడ్మింటన్ పన్నెండు వారాలు బంద్.

వారానికి రెండు సాయంత్రాలు కండల పని. గోడకి ఆని కుర్చీ వేసినట్టు కూర్చోవడం 45 సెకన్ల చొప్పున ఐదుసార్లు, 15 సెంటీమీటర్ల మెట్టు మీద నుంచి ఒంటికాలి దిగుడు కాలికి పదేసి మూడుసార్లు, వెల్లకిలా పడుకుని నడుము ఎత్తడం పదిహేనేసి మూడుసార్లు. దిగుడులో మోకాలు లోపలికి వంగకుండా అద్దంలో చూసుకోవాలి. ఎన్నిసార్లు చేశారన్న దానికన్నా అది ముఖ్యం.

ఆ తర్వాత మూడో వారానికి బుధవారం 35 నిమిషాలు 3 మార్కులు, శుక్రవారం 40 నిమిషాలు 4 మార్కులు, ఆదివారం గంట 4 మార్కులు: మొత్తం 505. ప్రతి నాలుగో వారం మూడింట రెండు వంతులకి తగ్గించాం. ఐదో వారం నుంచి శుక్రవారం ఒక్క రోజే కష్టం రోజు: పది నిమిషాలు వేడెక్కి, మూడేసి నిమిషాలు గట్టిగా నాలుగుసార్లు, మధ్యలో మూడేసి నిమిషాలు తేలిగ్గా, చివర పది నిమిషాలు చల్లబడటం. గట్టిగా అంటే పద్యంలో పాదానికొక ఊపిరి పడాలి. పాదం కూడా పూర్తికాకపోతే మరీ ఎక్కువైనట్టు.

ఒక్క నియమం మాత్రం చర్చకి తావు లేకుండా పెట్టాం. లేవగానే, మంచం దిగకముందు నాడి చూసుకోవాలి. మామూలు కన్నా 7 పెరిగితే ఆ రోజు కష్టం రైడు తేలిక రైడవుతుంది. నాడి పెరిగి, నిద్ర కూడా ఆరు గంటల లోపే ఉంటే సైకిల్ తీయకూడదు. గుండెల్లో నొప్పి, కళ్లు తిరగడం, దడ ఉంటే మాకు కాదు, నేరుగా డాక్టర్‌కి.

తప్పినవి

ఆరో వారం ఆదివారం గ్రూపుతో మళ్లీ 46 కిలోమీటర్లు వెళ్లొచ్చారు. ఎవరో కొత్త సైకిల్ కొన్న సందర్భమట. మార్కు 8. మోకాలి నొప్పి రెండు రోజులు 2 దగ్గర ఉంది, మంగళవారం నాడి 79. తిట్టలేదు. బుధవారం రైడు కొట్టేసి, శుక్రవారం తేలిక చేశాం. వచ్చే ఆదివారం మామూలే. పోగొట్టుకున్న రైడుని శనివారం పూడ్చుకోబోయారు, అది ఆపాల్సి వచ్చింది.

రెండో తప్పు మాది. తేలిక రోజుకి పెట్టిన 134 నాడి హద్దు మార్చి చలిపొద్దుల్లో సరిపోయింది. ఏప్రిల్ మూడో వారం వచ్చేసరికి అదే వేగానికి, అదే హాయికి వాచీ 138 నుంచి 140 చూపించింది. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, చెమటలో నీరు పోతుంది, గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. ఆయన హద్దు దాటకూడదని మరీ నెమ్మదించి, విసిగిపోయి, రెండు రైడ్లు మానేశారు. ఎండాకాలంలో నాడి హద్దు పక్కనపెట్టి పద్యాన్నే కొలతగా ఉంచాల్సింది. మేలో అలా మార్చాం. సోలార్ పలకల నీడ ఎండ దెబ్బని ఆపుతుంది గాని గాలిని చల్లబరచదు. రోహిణి కార్తెలో ఏడింటికల్లా ఇంటికి చేరమన్నాం.

పన్నెండో వారం ముందు

పదకొండో వారం లెక్క: బుధవారం 45 నిమిషాలు 3 మార్కులు, శుక్రవారం 50 నిమిషాలు 6 మార్కులు, కొత్తగా చేర్చిన శనివారం తీరుబడి రైడు 30 నిమిషాలు 2 మార్కులు, ఆదివారం రెండు గంటలు 4 మార్కులు. మొత్తం 975. నిమిషాలు 245, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే వారానికి 150 నుంచి 300 నిమిషాల లోపలే. నొప్పి తెచ్చిపెట్టిన నాలుగో వారంలో సైకిల్ నిమిషాలు 375. నిమిషాలు మూడో వంతు తగ్గాయంతే, శ్రమ మాత్రం బ్యాడ్మింటన్‌తో కలిపి చూస్తే మూడో వంతుకి పడిపోయింది.

మెట్టు దిగుడులో నొప్పి సున్నా. విశ్రాంతి నాడి 68. నిద్ర సగటు ఆరూ నలభై, ఇంకా ఏడు కాలేదు. అదే స్టాండు మీద అదే వేగానికి నాడి 152 నుంచి 138కి దిగింది, పద్యం నాలుగు పాదాలూ వచ్చాయి. బీపీ 132/84, మాత్ర అదే. బరువు 82, రెండు కిలోలే తగ్గారు. దానికి ఆయన నిరాశపడ్డారు, మేం పడలేదు. ఇందులో సీటు వాటా ఎంత, నిద్ర వాటా ఎంత అని ఈ ఒక్క కేసుతో విడదీయలేం. రెండూ ఒకే వారంలో మార్చాం. పందెం కట్టాల్సి వస్తే మోకాలికి సీటు మీద, మిగతా అన్నిటికీ అలారం మీద కడతాం.

వానలు తగ్గాక గ్రూపు వికారాబాద్ అవతల అనంతగిరికి, దాదాపు 75 కిలోమీటర్లు, వెళ్తుందట. వెళ్లొచ్చా అని అడిగారు. షరతులు రాసిచ్చాం. అప్పటికి ఆదివారం రైడు 55 కిలోమీటర్లు 5 మార్కుల లోపు పూర్తవుతూ ఉండాలి, ముందు వారం సగానికి తగ్గించాలి, శుక్ర, శని రాత్రులు ఏడు గంటలు పడుకోవాలి, తిరుగు ప్రయాణం కారులో. ఆ పొద్దున నాడి 75 ఉంటే పోవడం కూడా కారులోనే.